ట్రాన్స్‌మిటర్ రూమ్‌లో మీటర్లు: ఏది ముందు కొనాలి, ఎలా పెట్టాలి, ఎక్కడ నమ్మకూడదు

రేడియో స్టేషన్ లో కొత్తగా ట్రాన్స్‌మిటర్ డ్యూటీలో పడ్డ ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే, ఏ స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ లో ఎంత సిగ్నల్ ఉందో గీసి చూపించే పరికరం) కొనాలి అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, మీ శాంపుల్ పోర్ట్ లో (కొలవడానికి సిగ్నల్ లోంచి చిన్న ముక్క ఇచ్చే చోటు) ఎన్ని డీబీఎం (పవర్ కొలత, లెక్క కింద చెప్తా) వస్తోంది? దానికి సమాధానం తెలీకపోతే ఎంత మంచి అనలైజర్ కొన్నా అది ఒక్క పూటే పనిచేస్తుంది, ఇది నేను ఊరికే చెప్పట్లేదు, చేరిన కొత్తల్లో నేనే ఒకటి కాల్చేశా. కప్లర్ (లైన్ లోంచి ఆ ముక్కని తీసే భాగం) మీద మైనస్ 60 డీబీ అని స్టిక్కర్ ఉంది, సరే 10 కిలోవాట్లంటే 70 డీబీఎం, అందులోంచి 60 తీసేస్తే 10 డీబీఎం, మన అనలైజర్ 20 దాకా తట్టుకుంటుంది కదా అని ధైర్యంగా తగిలించేశా. తర్వాత తెలిసిందేంటంటే ఎవరో ఎప్పుడో లోపల కప్లర్ మార్చారు, స్టిక్కర్ మార్చలేదు, అసలుది మైనస్ 40. అంటే 30 డీబీఎం, ఒక వాట్ నేరుగా ముక్కులోకి వెళ్ళింది. స్క్రీన్ బాగానే వెలుగుతుంది, మెనూలన్నీ వస్తాయి, కానీ ఆ రోజు నుంచి దానికి ఏ సిగ్నలూ కనపడలేదు.

అందుకే ఈ గైడ్ అనలైజర్ తో మొదలవ్వదు, సిగ్నల్ ని తగ్గించే అటెన్యుయేటర్ తో మొదలవుతుంది.

డీబీఎం లెక్క నోటికి వచ్చేయాలి. ఒక మిల్లీవాట్ అంటే 0, ఒక వాట్ అంటే 30, ఒక కిలోవాట్ 60, పది కిలోవాట్లు 70. పదింతలు పెరిగితే 10 కలపండి, రెట్టింపైతే 3 కలపండి, అంతే, క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. ఏ కొత్త పోర్ట్ కైనా మొదట 30 డీబీ పవర్ అటెన్యుయేటర్ పెట్టి, అది ఎన్ని వాట్లదో కూడా చూసి (2 వాట్లదీ 50 వాట్లదీ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి), దాని తర్వాత మీటర్ తగిలించండి. సిగ్నల్ మరీ చిన్నగా వస్తే అప్పుడు తగ్గించుకుంటూ రండి. పెద్దదాన్నుంచి చిన్నదానికి రావాలి గానీ చిన్నదాన్నుంచి పెద్దదానికి వెళ్తే అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఇంకో సంగతి, ఎన్ కనెక్టర్లలో 50 ఓమ్స్ వీ 75 ఓమ్స్ వీ రెండూ ఉంటాయి, 75 దాని మధ్య పిన్ను సన్నం, 50 ఓమ్స్ మగ కనెక్టర్ తీస్కెళ్ళి 75 ఓమ్స్ ఆడదాంట్లో బిగిస్తే లోపలి రేకులు విచ్చుకుపోతాయి. పాత సామాను పెట్టెలో దొరికిన అడాప్టర్ ఏదైనా ముందు పిన్ను చూడండి.

పవర్ కొలవడం

ట్రాన్స్‌మిటర్ ముందు ప్యానెల్ మీద కనిపించే పవర్ అంకె ఒక అభిప్రాయం మాత్రమే, కొలత కాదు. దాన్ని వేరేదాంతో సరిచూడాలి. ఎక్కువమంది చేతిలో ఉండేది బర్డ్ 43 లాంటి త్రూలైన్ వాట్‌మీటర్, లైన్ మధ్యలో పెట్టి, గుండ్రటి స్లగ్ (ఇంత పవర్ కి, ఈ ఫ్రీక్వెన్సీలకి అని ఉండే కొలిచే బిళ్ళ) గుచ్చి, బాణం లోడ్ (పవర్ చేరే చోటు, యాంటెనా లాంటిది) వైపు తిప్పితే ఫార్వర్డ్ (ముందుకెళ్ళే పవర్), ట్రాన్స్‌మిటర్ వైపు తిప్పితే రిఫ్లెక్టెడ్ (వెనక్కి తిరిగొచ్చేది). ఎఫ్ఎం కి బీ అక్షరం ఉన్న స్లగ్ కావాలి, అది 50 నుంచి 125 మెగాహెర్ట్జ్ వరకు. తొందర్లో వేరే అక్షరం ఉన్నది పెట్టేస్తే ముల్లు ఏదో ఒకటి చూపిస్తుంది, అదే ప్రమాదం, అసలేమీ చూపించకపోతే బాగుండేది.

దాని ఖచ్చితత్వం ఫుల్ స్కేల్ మీద 5 శాతం అని రాసుంటుంది, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1000 వాట్ల స్లగ్ పెట్టి 100 వాట్లు చదివారనుకోండి, ఆ 5 శాతం వందలో కాదు, వెయ్యిలో. అంటే 50 వాట్లు ఎటైనా పోవచ్చు, మీరు చదివిన వంద నిజానికి 50 కావచ్చు 150 కావచ్చు. కాబట్టి ముల్లు స్కేల్ పై సగంలో ఉండేలా స్లగ్ ఎంచుకోవాలి, రిఫ్లెక్టెడ్ కి వేరే చిన్న స్లగ్ పెట్టుకోవాలి. అయితే చిన్న స్లగ్ బాణాన్ని పొరపాటున ఫార్వర్డ్ వైపు తిప్పితే మాత్రం స్లగ్, మీటర్ రెండూ పోతాయి, అందుకని గుచ్చే ముందు ఒకసారి, పవర్ పెంచే ముందు ఇంకోసారి బాణం చూసుకోండి.

రిఫ్లెక్టెడ్ పవర్ దగ్గర ఇంకో మాయ ఉంది, కప్లర్ డైరెక్టివిటీ, అంటే ముందుకెళ్ళేదాన్నీ వెనక్కొచ్చేదాన్నీ అది ఎంత బాగా విడదీస్తుందన్నది. డైరెక్టివిటీ 30 డీబీ ఉన్న కప్లర్ లో 10 కిలోవాట్లు పోతుంటే, యాంటెనా నుంచి ఒక్క చుక్క వెనక్కి రాకపోయినా ఫార్వర్డ్ లో కొంత కారిపోయి రిఫ్లెక్టెడ్ మీటర్ 10 వాట్లు చూపిస్తుంది. నిజంగా వీఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కొచ్చేది ఎంతో చెప్పే నిష్పత్తి, 1 అంటే ఏమీ రానట్టు) 1.1 ఉంటే వెనక్కి వచ్చేదే 23 వాట్లు. ఆ 23 లో ఈ 10 వాట్ల దొంగ ఒక్కోసారి కలుస్తాడు ఒక్కోసారి తీసేస్తాడు, ఫేజ్ ని బట్టి. కాబట్టి 1.1 కీ 1.05 కీ తేడా గురించి వాదించుకోవడం టైం వేస్ట్. నిన్న 20 వాట్లున్నది ఇవాళ 60 అయ్యిందా లేదా, అది చూడండి.

అసలు పవర్ ఎంతో తేల్చుకోవాలంటే, నీళ్ళతో చల్లబడే డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పవర్ ని వేడిగా మార్చేసే లోడ్) ఉంటే దానంత నిజాయితీ ఉన్న మీటర్ ఇంకోటి లేదు. నిమిషానికి ఎన్ని లీటర్లు ప్రవహిస్తోంది, లోపలికి వెళ్ళే నీటికీ బయటికొచ్చే నీటికీ ఎన్ని డిగ్రీల తేడా, ఈ రెండిటినీ గుణించి 0.07 తో (కచ్చితంగా కావాలంటే 0.0697) గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. 20 లీటర్లు, 7.2 డిగ్రీలు అంటే సుమారు 10 కిలోవాట్లు. ఇది మామూలు నీటికి, గ్లైకాల్ కలిపితే అంకె మారుతుంది, కంపెనీ మాన్యువల్ లో ఎంత వాడమన్నారో చూడండి. ఆన్ చేసిన వెంటనే చదవకండి, ఉష్ణోగ్రతలు నిలకడకి వచ్చేదాకా ఆగి చదవండి. ఇంత ఓపిక ఎవరికుంటుంది అనుకోవచ్చు గానీ ఒక్కసారి ఇలా చేసి, అదే సమయంలో ప్యానెల్ మీటర్ ఎంత చూపించిందో, కప్లర్ పోర్ట్ లో ఎన్ని డీబీఎం వచ్చిందో రాసిపెట్టుకుంటే అది ఏళ్ళ తరబడి పనికొస్తుంది, నా పాత స్టిక్కర్ కథ కూడా జరగదు.

యాంటెనా, ఫీడర్

ఫీడర్ అంటే ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెనా దాకా వెళ్ళే కేబుల్. దీనికి నెట్‌వర్క్ అనలైజర్ (వీఎన్ఏ, సిగ్నల్ పంపి ఎంత వెనక్కొస్తుందో చూసే పరికరం) కావాలి, లేదా కేబుల్ యాంటెనా అనలైజర్ అని అమ్మే చేతి పరికరం. నానోవీఎన్ఏ (అరచేతిలో పట్టే చిన్న వీఎన్ఏ) పనికొస్తుందా అని అందరూ అడుగుతారు. వస్తుంది, ఎఫ్ఎం బ్యాండ్ లో ఒంటరి టవర్ మీద చక్కగా పనిచేస్తుంది, నా సంచీలో ఎప్పుడూ ఉంటుంది. కానీ అదే టవర్ మీద ఇంకో రెండు స్టేషన్లు ఆన్ లో ఉంటే, మీ ఆపేసిన యాంటెనా వాళ్ళ పవర్ ని పట్టుకుని కేబుల్ లోంచి కిందకి పంపిస్తుంది, అప్పుడా చిన్న పరికరం గందరగోళపడి అరచేతిలో వైకుంఠం చూపిస్తుంది, లేదా ఏకంగా పోతుంది. అందుకని వీఎన్ఏ తగిలించే ముందు ఆ కేబుల్ చివర అటెన్యుయేటర్ పెట్టి స్పెక్ట్రమ్ అనలైజర్ తోనో పవర్ మీటర్ తోనో ఎంత వస్తోందో చూడండి. మీడియం వేవ్ మాస్ట్ అయితే ఇంకా జాగ్రత్త, అది పక్క స్టేషన్ వోల్టేజీ తో పాటు గాలిలో పోగయ్యే స్టాటిక్ ని కూడా పట్టుకుంటుంది, ముందు ఎర్త్ కి తాకించకుండా ఏదీ కలపకూడదు.

కాలిబ్రేషన్ అంటే ఓపెన్, షార్ట్, లోడ్, ఈ మూడూ కేబుల్ చివర, మీరు కొలవబోయే చోట పెట్టి చెయ్యాలి, పరికరం మూతి దగ్గర కాదు. కాలిబ్రేట్ చేశాక లోడ్ మళ్ళీ పెట్టి చూడండి, రిటర్న్ లాస్ (పంపినదానికన్నా వెనక్కొచ్చేది ఎన్ని డీబీ తక్కువో) 40 డీబీ దరిదాపుల్లో లేకపోతే ఏదో కనెక్టర్ లూజు. తర్వాత మీ ఫ్రీక్వెన్సీ ఒక్కదగ్గరే కాకుండా అటూ ఇటూ కొన్ని మెగాహెర్ట్జ్ స్వీప్ చేసి చూడండి. అంకెలు గుర్తుండటానికి, రిటర్న్ లాస్ 14 డీబీ అంటే వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5, నూటికి 4 వెనక్కి. 20 అంటే 1.22, నూటికి ఒకటి. 26 అంటే 1.1.

ఇప్పుడు అసలు విషయం. ఫీడర్ లాస్ యాంటెనా జబ్బుని దాచేస్తుంది. మీ కేబుల్ లో 3 డీబీ పోతోందనుకోండి, సిగ్నల్ పైకి వెళ్ళేటప్పుడు 3, వెనక్కి వచ్చేటప్పుడు 3, మొత్తం 6. అంటే పైన యాంటెనా పూర్తిగా ఊడిపోయినా కింద మీకు రిటర్న్ లాస్ 6 డీబీ కనిపిస్తుంది, అనంతం కావాల్సిన వీఎస్‌డబ్ల్యూఆర్ 3 అని వస్తుంది. పైన 1.5 ఉంటే కింద 1.22 అని ముద్దుగా కనిపిస్తుంది. కేబుల్ లో నీళ్ళు చేరితే లాస్ ఇంకా పెరిగి రీడింగ్ ఇంకా బాగుపడుతుంది! వీఎస్‌డబ్ల్యూఆర్ ఏ మరమ్మతూ చెయ్యకుండానే బాగుపడిందంటే సంతోషించకండి, అనుమానించండి.

తప్పు ఎక్కడుందో దూరం తెలియాలంటే టీడీఆర్ (పల్స్ పంపి తిరిగొచ్చే టైం చూసే పరికరం), లేదా వీఎన్ఏ లో ఉండే డిస్టెన్స్ టు ఫాల్ట్ మోడ్. ఇందులో వెలాసిటీ ఫ్యాక్టర్ (కాంతి వేగంలో ఎన్నో వంతు వేగంతో కేబుల్ లో సిగ్నల్ పోతుందో) సరిగ్గా ఇవ్వడం ఒక్కటే కిటుకు. ఫోమ్ కేబుల్ కి 0.88 అటూఇటూ ఉంటుంది, గట్టి పాలిథీన్ ఉన్నవాటికి 0.66. రిఫ్లెక్షన్ 600 నానోసెకన్లకి వచ్చిందంటే 0.88 తో 79 మీటర్లు, 0.66 తో 59 మీటర్లు. ఇరవై మీటర్ల తేడా! మాకు ఒకసారి సరిగ్గా ఇలాగే అయింది, పాత సెట్టింగ్ మార్చడం మర్చిపోయి, ఎక్కే అబ్బాయిని 59 దగ్గర జాయింట్ విప్పమన్నాం, అతను విప్పి చూసి అంతా బాగుంది సార్ అని పైనుంచి అరిచాడు, బాగున్న జాయింట్ విప్పించి మళ్ళీ బిగించాల్సొచ్చింది. మొత్తం కేబుల్ పొడవు మీకెలాగూ తెలుసు కాబట్టి, యాంటెనా దగ్గర వచ్చే రిఫ్లెక్షన్ ఆ పొడవుకి సరిపోతోందా లేదా అని ముందే చూసుకుంటే ఈ తిప్పలుండవు.

స్పెక్ట్రమ్ అనలైజర్, ఇది కాస్త పొడుగ్గా చెప్పాలి

ఎఫ్ఎం లో క్యారియర్ (పాటని మోసే అసలు సిగ్నల్) ఎంత అన్నది మాడ్యులేషన్ (దాని మీద పాట ఎక్కడం) ఉన్నప్పుడు చూడకూడదు. ఆర్‌బీడబ్ల్యూ (అనలైజర్ ఒకసారికి చూసే ఫ్రీక్వెన్సీ కిటికీ వెడల్పు) సన్నగా పెట్టి, పాట నడుస్తుండగా చూస్తే శక్తంతా సైడ్‌బ్యాండ్లలోకి చెదిరిపోయి శిఖరం చిన్నగా కనిపిస్తుంది, దాన్ని రిఫరెన్స్ అనుకుని మాస్క్ (క్యారియర్ నుంచి ఎంత దూరంలో ఎంత తక్కువ ఉండాలో చెప్పే హద్దు గీత) పెడితే మీ ట్రాన్స్‌మిటర్ అన్యాయంగా ఫెయిల్ అవుతుంది. మాడ్యులేషన్ తీసేసి ఒకసారి శిఖరాన్ని గుర్తు పెట్టుకోండి, ఆపలేని స్టేషన్ అయితే ఆర్‌బీడబ్ల్యూ ని మొత్తం సిగ్నల్ పట్టేంత వెడల్పు చేసి గుర్తు పెట్టుకోండి, తర్వాత సన్నగా చేసి అంచులు చూడండి. ఆర్‌బీడబ్ల్యూ పదింతలు తగ్గిస్తే నాయిస్ ఫ్లోర్ 10 డీబీ దిగుతుంది, స్వీప్ మాత్రం నత్త నడకే.

మాస్క్ ఏ దేశానికి ఆ దేశం రూలు, మీ లైసెన్స్ లో చూసుకోండి. ఉదాహరణకి అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ లెక్కలో క్యారియర్ నుంచి 120 నుంచి 240 కిలోహెర్ట్జ్ దూరంలో 25 డీబీ కిందకి, 240 నుంచి 600 వరకు 35 డీబీ కిందకి, ఆపైన పవర్ ని బట్టి, కిలోవాట్ కి 73 డీబీ, పెద్ద ట్రాన్స్‌మిటర్లకి 80. ఈ చివరి అంకె దగ్గరే తంటా. క్యారియర్ కన్నా 80 డీబీ కింద ఉన్నదాన్ని, క్యారియర్ కూడా అదే సమయంలో లోపలికి వస్తుండగా చూడాలంటే చాలా అనలైజర్లకి ఆ తాహతు లేదు, వాటి మిక్సర్ తనే హార్మోనిక్స్ (క్యారియర్ కి రెండింతలు, మూడింతలు ఉండే ఫ్రీక్వెన్సీలు) పుట్టించి అవి మీ ట్రాన్స్‌మిటర్ వే అని చూపిస్తుంది.

తెలుసుకునే ఉపాయం చాలా సులువు. అనలైజర్ లోపలి అటెన్యుయేటర్ ని 10 డీబీ పెంచండి. అది రీడింగ్ ని తనే సర్దుకుంటుంది కాబట్టి నిజమైన హార్మోనిక్ స్క్రీన్ మీద కదలకూడదు. కిందకి దిగిందంటే అది అనలైజర్ సొంత సృష్టి. అలాంటప్పుడు క్యారియర్ ని ఒక నాచ్ ఫిల్టర్ తోనో, హార్మోనిక్స్ కోసమైతే హైపాస్ ఫిల్టర్ తోనో అణిచేసి అప్పుడు చూడాలి. ఫిల్టర్ ఆ హార్మోనిక్ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత తినేస్తుందో వీఎన్ఏ తో ముందే కొలిచి కలుపుకోండి.

ఇది చాలామందికి తట్టని సంగతి, శాంపుల్ లూప్ మామూలు చిన్న లూప్ అయితే దాని కప్లింగ్ ఫ్రీక్వెన్సీ తో పాటు పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే 6 డీబీ ఎక్కువ ఇస్తుంది. అంటే రెండో హార్మోనిక్ నిజంకన్నా 6 డీబీ పెద్దగా, మూడోది తొమ్మిదిన్నర పెద్దగా కనిపిస్తుంది. ఇది తెలీక ఒకాయన లోపాస్ ఫిల్టర్ మార్పించాడు, మార్చాకా అదే అంకె వచ్చింది. కొత్త ఫిల్టర్ కి ఏ పాపం తెలీదు, పాతదానికీ తెలీదు.

ఒకే టవర్ మీద రెండు మూడు స్టేషన్లున్న చోట ఇంటర్‌మాడ్ (రెండు సిగ్నళ్ళు కలిసి పుట్టించే కొత్త ఫ్రీక్వెన్సీలు) కూడా వెతకాలి. 94.0 ఒకటి, 97.0 ఒకటి ఉన్నాయనుకోండి, ఒకదాన్ని రెండుతో గుణించి ఇంకోదాన్ని తీసేయండి, 91.0 ఒకటి, 100.0 ఒకటి వస్తాయి. అక్కడ మార్కర్ పెట్టి చూడండి. ఏదైనా కనిపిస్తే అది ఎవరిదో తేల్చడానికి ఒక్కో ట్రాన్స్‌మిటర్ పవర్ కొంచెం తగ్గించి చూడాలి. 97 పవర్ 1 డీబీ తగ్గించినప్పుడు 91 ఒక డీబీ దిగితే అది 94 ట్రాన్స్‌మిటర్ ఫైనల్ స్టేజ్ లోకి 97 దూరి కలిసింది అని మొదటి అనుమానం. కానీ ముందు అటెన్యుయేటర్ పరీక్ష మర్చిపోవద్దు, ఇంటర్‌మాడ్ కూడా అనలైజర్ లోపల పుడుతుంది.

ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్ కి తగిలించే చిన్న రేడియో రిసీవర్) తో ఇదంతా చెయ్యొచ్చా? మాస్క్ కొలవలేరు, అది 8 బిట్ల పరికరం, దానికి కనిపించేది 50 డీబీ లోపే. కానీ ఎంపీఎక్స్ (ట్రాన్స్‌మిటర్ లోకి వెళ్ళే మొత్తం స్టీరియో మిశ్రమం) స్పెక్ట్రమ్ చూడ్డానికి, 19 కిలోహెర్ట్జ్ దగ్గర పైలట్ (స్టీరియో గుర్తు టోన్) ఉందా, 57 దగ్గర ఆర్‌డీఎస్ (స్టేషన్ పేరు లాంటి డేటా) ఉందా అని చూడ్డానికి భలే ఉంటుంది.

డీవియేషన్, ఏ మానిటర్ నీ నమ్మనప్పుడు

మాడ్యులేషన్ మానిటర్ ఒకటి రాక్ లో ఉంటుంది, 100 శాతం అంటే 75 కిలోహెర్ట్జ్ డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ మధ్య నుంచి అటూ ఇటూ ఊగే దూరం). కానీ ఆ మానిటర్ ని ఎవరు సరిచూస్తారు? దీనికి బెసెల్ నల్ పద్ధతి ఉంది, నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా నచ్చిన కొలత ఇదే, ఎందుకంటే ఇందులో ఏ మీటర్ క్యాలిబ్రేషన్ నీ నమ్మక్కర్లేదు, టోన్ ఫ్రీక్వెన్సీ ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు, మిగతాది గణితం చూసుకుంటుంది.

ఎఫ్ఎం లో డీవియేషన్ ని టోన్ ఫ్రీక్వెన్సీ తో భాగిస్తే వచ్చే ఇండెక్స్ 2.405 దగ్గర క్యారియర్ పూర్తిగా మాయమవుతుంది, మళ్ళీ 5.520 దగ్గర ఇంకోసారి. 75 ని 5.520 తో భాగిస్తే 13.587. అంటే 13.587 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చి, రెండోసారి క్యారియర్ మాయమయ్యేదాకా లెవెల్ పెంచితే సరిగ్గా 75 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్నట్టు.

చేసే విధానం: ప్రోగ్రామ్ తీసేయండి, ప్రాసెసర్ ని బైపాస్ చేయండి, పైలట్ ఆర్‌డీఎస్ రెండూ ఆపేయండి, ఎక్సైటర్ (ఎఫ్ఎం సిగ్నల్ ని తయారుచేసే మొదటి స్టేజ్) డమ్మీ లోడ్ మీద ఉంటే మంచిది. టోన్ జనరేటర్ ని నేరుగా ఎంపీఎక్స్ ఇన్‌పుట్ లో కలపండి, ఫ్రీక్వెన్సీ ని కౌంటర్ తో చూసి 13.587 చేయండి. స్పెక్ట్రమ్ అనలైజర్ ఆర్‌బీడబ్ల్యూ 1 కిలోహెర్ట్జ్ పెట్టి క్యారియర్ మీద మార్కర్ ఉంచండి. లెవెల్ ని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోండి, క్యారియర్ తగ్గుతూ తగ్గుతూ ఒకచోట మునిగిపోతుంది, అది మొదటి నల్, అక్కడ డీవియేషన్ 32.7 మాత్రమే. అక్కడ ఆగితే కొంప మునిగినట్టే, ఎందుకంటే మీరు 75 అనుకున్నది సగం కూడా కాదు. ఇంకా పెంచండి, క్యారియర్ మళ్ళీ లేచి, మళ్ళీ మునుగుతుంది. అది రెండోది. ఇప్పుడు మాడ్యులేషన్ మానిటర్ చూడండి, 100 చూపించాలి. 96 చూపిస్తే, ఇన్నాళ్ళూ మీరు 100 అనుకుని 104 దాకా పంపిస్తున్నారన్నమాట.

అయ్యాక పైలట్ మళ్ళీ వేసి, అదొక్కటీ ఉంచి డీవియేషన్ చూడండి, 8 నుంచి 10 శాతం మధ్య, అంటే 6 నుంచి 7.5 కిలోహెర్ట్జ్. మానిటర్ కి సిగ్నల్ ఎప్పుడూ శాంపుల్ పోర్ట్ నుంచే ఇవ్వండి, గాలిలోంచి యాంటెనా తో పట్టి ఇస్తే మల్టీపాత్ వల్ల లేని పీకులు కనిపిస్తాయి, వాటికి భయపడి లెవెల్ తగ్గించేసి స్టేషన్ ని నీరసంగా నడిపేవాళ్ళని చూశా. కొన్ని దేశాల్లో ఎంపీఎక్స్ పవర్ కి కూడా హద్దు ఉంది, ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) బీఎస్ 412 సిఫార్సు ప్రకారం 60 సెకన్ల సగటు, 19 కిలోహెర్ట్జ్ డీవియేషన్ ఇచ్చే సైన్ టోన్ పవర్ ని దాటకూడదు. మీ దగ్గర ఆ రూల్ ఉంటే మానిటర్ లో ఆ సౌకర్యం ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

ఆడియో వైపు

ఇది త్వరగా అయిపోతుంది. 0 డీబీయూ అంటే 0.775 వోల్టులు, ప్లస్ 4 అంటే 1.23. డిజిటల్ వైపు సరిచూసుకునే టోన్ లెవెల్ యూరప్ అలవాటులో మైనస్ 18 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ గరిష్టం నుంచి 18 డీబీ కింద), అమెరికన్ అలవాటులో మైనస్ 20, స్టూడియో లో ఒకటి, ట్రాన్స్‌మిటర్ దగ్గర ఇంకోటి ఉంటే ఆ రెండు డీబీలు ఎక్కడ పోయాయో వెతుక్కుంటూ రోజంతా గడిచిపోతుంది. మామూలు మల్టీమీటర్ తో ఆడియో కొలవకండి, చాలావాటికి ఏసీ రేంజ్ కొన్ని వందల హెర్ట్జ్ దాటితే నమ్మకం ఉండదు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర లైన్ పడిపోయిందని మీరు అనుకుంటారు, పడిపోయింది మీటర్. పాత 600 ఓమ్స్ లైన్ అయితే చివర టెర్మినేషన్ ఉందా లేదా చూడండి, లేకపోతే లెవెల్ దాదాపు 6 డీబీ ఎక్కువ కనిపిస్తుంది. ఇక ఎడమా కుడీ ఫేజ్, స్కోప్ ని ఎక్స్ వై మోడ్ లో పెట్టి ఒకే మోనో టోన్ రెండిట్లోకీ పంపితే గీత కుడిపైకి వాలాలి, ఎడమపైకి వాలితే ఎక్కడో ఒక వైరు తిరగబడింది, స్టీరియో లో వినేవాడికి ఏదో తేడా అనిపిస్తుందంతే, మోనో లో వినేవాడికి మాత్రం గొంతే వినపడదు.

మీడియం వేవ్ వాళ్ళకి

ఇక్కడ పవర్ అంటే కరెంట్ వర్గం ఇంటూ రెసిస్టెన్స్. 50 ఓమ్స్ లో 10 కిలోవాట్లకి 14.14 ఆంపియర్లు. కరెంట్ చదవడంలో 5 శాతం తప్పితే పవర్ లో 10 శాతం తప్పినట్టు. మాడ్యులేషన్ లేకుండా చదవండి, పూర్తి సైన్ మాడ్యులేషన్ లో కరెంట్ 22.5 శాతం పెరుగుతుంది. థర్మోకపుల్ ఆర్‌ఎఫ్ అమ్మీటర్ ని చదివే నిమిషం తప్ప మిగతా టైమంతా స్విచ్ తో బైపాస్ లో ఉంచండి, ఒక్క పిడుగు చాలు దానికి. రెసిస్టెన్స్ ని పవర్ లో ఉండగానే కొలవడానికి ఆపరేటింగ్ ఇంపెడెన్స్ బ్రిడ్జ్ ఉంటుంది, డైరెక్షనల్ అర్రే (పవర్ ని కావాల్సిన దిక్కుకి మళ్ళించే మాస్టుల గుంపు) ఉన్నచోట అది తప్పనిసరి, ఎందుకంటే పక్క మాస్ట్ ప్రభావంతో నడిచేటప్పటి ఇంపెడెన్స్ వేరు, ఆపి కొలిచింది వేరు.

మాడ్యులేషన్ కి స్కోప్ చాలు. ఎన్వలప్ గరిష్టం, కనిష్టం చూసి, తేడాని మొత్తంతో భాగించండి. ట్రాపిజాయిడ్ పద్ధతి, అంటే ఆడియో ని ఎక్స్ కీ ఆర్‌ఎఫ్ ని వై కీ ఇవ్వడం, ఇంకా బాగుంటుంది, అంచులు తిన్నగా లేకుండా వంగితే డిస్టార్షన్ కళ్ళకి కనిపిస్తుంది. ఫీల్డ్ స్ట్రెంత్ మీటర్ తో బయటికి వెళ్తే కరెంట్ తీగలకీ, ఇనప కంచెలకీ దూరంగా నిలబడి, లూప్ ని తిప్పి గరిష్టం చదవండి, ఆనవాలుగా 1 కిలోవాట్ చిన్న మాస్ట్ ఆదర్శ నేల మీద ఒక కిలోమీటర్ దగ్గర 300 మిల్లీవోల్ట్ పర్ మీటర్ ఇస్తుంది, నిజం నేల మీద అంతకన్నా తక్కువే.

స్కోప్, కౌంటర్, మిగతావి

100 మెగాహెర్ట్జ్ స్కోప్ తో 100 మెగాహెర్ట్జ్ క్యారియర్ చూస్తే అసలుదాంట్లో 70 శాతమే కనిపిస్తుంది, బ్యాండ్‌విడ్త్ అంటే 3 డీబీ పడిపోయే చోటు అని అర్థం. ప్రోబ్ మీద 600 వోల్టులు అని రాసి ఉన్నది డీసీ కి, ఆర్‌ఎఫ్ లో అది పదుల వోల్టులకి పడిపోతుంది, కరపత్రంలో ఆ గ్రాఫ్ ఉంటుంది, ఎవరూ చూడరు, ప్రోబ్ వేడెక్కి కరిగాక చూస్తారు.

ఫ్రీక్వెన్సీ కౌంటర్ కి టైమ్‌బేస్ (లోపలి గడియారం) ఎంత కచ్చితమైనదో అదే ముఖ్యం. ఒక పీపీఎం (పది లక్షల్లో ఒకటి) తప్పు అంటే 100 మెగాహెర్ట్జ్ దగ్గర 100 హెర్ట్జ్, ఎఫ్ఎం టాలరెన్స్ 2000 హెర్ట్జ్ కాబట్టి హాయిగా సరిపోతుంది. మీడియం వేవ్ కి ఐటీయూ ఇచ్చిన హద్దు 10 హెర్ట్జ్. ఎలాగూ జీపీఎస్ తో నడిచే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఒకటి పెట్టుకుంటే కౌంటర్, అనలైజర్ రెండిటికీ పనికొస్తుంది. ఎఫ్ఎం ని మాడ్యులేషన్ లేకుండానే లెక్కపెట్టించండి.

ట్రాన్స్‌మిటర్ పక్కన డిజిటల్ మల్టీమీటర్ పిచ్చి అంకెలు చూపిస్తే మీటర్ పాడైందని పారేయకండి, ఆర్‌ఎఫ్ దాని వైర్లలోకి దూరుతోంది. ముల్లున్న పాత అనలాగ్ మీటర్ ఒకటి ఉంచుకోవడం ఇందుకే.

థర్మల్ కెమెరా ఈమధ్య నాకు బాగా అలవాటైంది, ఫీడర్ జాయింట్లలో లోపలి బుల్లెట్ (లోపలి కండక్టర్లని కలిపే ముక్క) కాలడం మొదలైతే వీఎస్‌డబ్ల్యూఆర్ లో తెలిసేకన్నా ముందే వేడిలో తెలుస్తుంది. కానీ మెరిసే రాగి, ఇత్తడి మీద అది తప్పు చెబుతుంది, జాయింట్ 80 డిగ్రీలున్నా గది ఉష్ణోగ్రతే చూపిస్తుంది. ప్రతి జాయింట్ మీదా చిన్న నల్ల టేపు ముక్క అంటించి దాని మీదే చదవండి. అన్ని జాయింట్లూ 38, 39 ఉండి ఒకటి 52 ఉంటే అది ఎక్కువ రోజులు ఆగదు, ఆ వారంలోనే విప్పండి.

ఇవన్నీ చెప్పి ఒకటి చెప్పకపోతే తప్పు. వాల్వ్ ట్రాన్స్‌మిటర్ లో ప్లేట్ సప్లై వేల వోల్టులు, ఆపేశాక కూడా కెపాసిటర్లలో ఉంటుంది, ఇంటర్‌లాక్ ఉంది కదా అని చెయ్యి పెట్టకండి, ముందు ఎర్తింగ్ కర్ర తగిలించి, తగిలించే ఉంచి, అప్పుడు మీటర్. టవర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఒంటికి ఆర్‌ఎఫ్ మానిటర్ పెట్టుకోవాలి, ఎఫ్ఎం బ్యాండ్ లో ఐసీఎన్‌ఐఆర్‌పీ (రేడియేషన్ భద్రత హద్దులు చెప్పే అంతర్జాతీయ సంస్థ) చెప్పే హద్దు పనివాళ్ళకి 61 వోల్ట్ పర్ మీటర్, మామూలు జనానికి సుమారు 28.

కొనే వరుస నన్నడిగితే, పవర్ అటెన్యుయేటర్లు, త్రూలైన్ మీటర్ తో సరైన స్లగ్గులు, మంచి డమ్మీ లోడ్, తర్వాత వీఎన్ఏ, ఆ తర్వాతే స్పెక్ట్రమ్ అనలైజర్. వీటితో పాటు ఒక నోట్‌బుక్, ఫోన్ లో ఫోటోలు కాదు, నోట్‌బుక్, రాక్ కి తాడుతో కట్టి. కొత్త యాంటెనా పెట్టిన రోజు, అంతా బాగున్న రోజు, ఫార్వర్డ్, రిఫ్లెక్టెడ్, స్వీప్ లో మూడు ఫ్రీక్వెన్సీల దగ్గర రిటర్న్ లాస్, ప్రతి జాయింట్ వేడి, శాంపుల్ పోర్ట్ డీబీఎం, ఏ మీటర్ తో ఏ కేబుల్ తో కొలిచారో అన్నీ అందులో రాయండి. మా దాంట్లో మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్నది ఒకటే లైను: కప్లర్ మైనస్ 40, స్టిక్కర్ అబద్ధం.